గీత కింద మాట

నోట్లో నువ్వుగింజ నానని మనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. టైపు బాబాయి ఆ కోవలోకి రాడు. ఆయన నోట్లో నువ్వులు బస్తాడు పోసి, ఏడాది తరవాత తీసి చూసినా ఒక్క గింజ తగ్గదు. కోర్టు వెనక సందులో, జిరాక్సు కొట్టుకూ కళ్లజోళ్ల కొట్టుకూ నడుమ ఇరుకు గదిలో కూర్చుని నలభై ఏళ్లుగా ఆయన ఊరి గుట్టంతా టైపు కొట్టాడు. వీలునామాలు, విడాకుల అర్జీలు, పై అధికారి మీద ఆకాశరామన్న ఉత్తరాలు, ఆ ఉత్తరాలు తాను రాయలేదని మళ్లీ అదే మనిషి ఇచ్చుకున్న సంజాయిషీలు, అన్నీ ఆ పది వేళ్ల మీదుగానే వెళ్లాయి. ఒక్కటంటే ఒక్కటి బయటికి పొక్కలేదు. ఆయనకు ఆస్తి అంటూ ఉంటే అదే.

ఇంట్లో పిన్నికి మాత్రం ఇది పెద్ద శిక్ష. ఎదురింటి మొగుడూపెళ్లాలు విడిపోతే ఆ కాగితాలు కొట్టింది ఈయన. పిన్నికి సంగతి తెలిసింది మూడు నెలల తరవాత, అదీ పాలవాడి నోట. ఆ పూట ఆమె గిన్నెలు కడిగిన తీరుకి రెండు గిన్నెలు సొట్టపోయాయి. ఈ మనిషి పొట్టలో ఉన్న కబుర్లు బయటికి తీస్తే పదిమందికి పదేళ్లు కాలక్షేపమని, ఏం లాభం, కొరివి దెయ్యాన్నయినా మాట్లాడించవచ్చు గానీ ఈయన్ని మాట్లాడించలేమని ఆమె వచ్చినవాళ్లందరితో చెప్పుకునేది. బాబాయి పేపరు అడ్డం పెట్టుకుని వినేవాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఆయనకు సామెత కాదు, వృత్తి.

ఆయన పనిచేసే పద్ధతి ఒకటుంది, అది తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. వచ్చినవాళ్లు రెండు రకాల మాటలు చెబుతారు. కాగితంలో ఉండాల్సినవి కొన్ని, గొంతు తగ్గించి, తలుపు వంక చూసి చెప్పేవి కొన్ని. బాబాయికి చెవులు బాగానే ఉన్నాయి గానీ జ్ఞాపకం ఆగదు. అందుకని కాగితం మధ్యలో అడ్డంగా ఒక గీత కొట్టేవాడు. గీత పైన అసలు మాట. గీత కింద గొంతు తగ్గించి చెప్పిన మాట, ఎవరు చెప్పారో వాళ్ల పేరుతో సహా. పని అయ్యాక గీత మీద ఇనప స్కేలు పెట్టి, సగం విరిచిన బ్లేడుతో కింది ముక్క కోసి, నాలుగు చింపులు చింపి, టీ గ్లాసు అడుగున మిగిలిన చుక్కలో తడిపి ముద్ద చేసేవాడు. మిషన్ పోయి కంప్యూటర్ వచ్చినా ఆ అలవాటు పోలేదు. ప్రింటు తీయడం, స్కేలు పెట్టడం, కోయడం. ఊరి రహస్యాలన్నీ అలా ఆయన టీ గ్లాసులో ముద్దయిపోయాయి.

ఇలా నడుస్తుండగా ఒక వానకు గది కప్పు కారింది. ఇనప బీరువాలో ఉన్న పాత నకళ్లు తడిసి అట్టల్లా అతుక్కుపోయాయి. వాటిని ఎండలో పరుద్దామంటే బాబాయి ససేమిరా అన్నాడు, దారినపోయేవాళ్లు చదువుతారని. తలుపులన్నీ బిగించుకుని, చెమటలు కక్కుతూ, ఒక్కో కాగితాన్నీ విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. రెండు కొట్ల అవతల ఫోన్లు బాగుచేసే మేనకోడలు అది చూసి తల పట్టుకుంది. ముప్ఫై అయిదేళ్ల మనిషి, సొంత కొట్టు, మేనమామ మీద ప్రేమ ఎంతో నోటి దురుసు అంత. కాగితాలన్నీ క్లౌడ్‌లో పెట్టేద్దాం మామయ్యా అంది. ఎక్కడో ఎవడి కంప్యూటర్‌లోనో పెడితే వాడు చదవడా అని బాబాయి అడిగాడు. ఆయనకు వచ్చే సందేహం అదొక్కటే.

అప్పుడు ఆమె ఓపిగ్గా చెప్పింది. ఇది మామూలు రకం కాదట. అక్షరాలు మన దగ్గర ఉండగానే కలగాపులగం అయిపోయి, అలాగే పైకి వెళతాయట. కంపెనీవాడు తెరిచి చూసినా పిచ్చి గీతలే తప్ప ముక్క అర్థం కాదట. పాస్‌వర్డు మరిచిపోతే వాడు కూడా ఏమీ చేయలేడట. పోలీసులొచ్చి వాడి పీక మీద కూర్చుంటే అని బాబాయి అడిగాడు. కూర్చున్నా ఇవ్వడానికి వాడి దగ్గరేమీ ఉండదు అంది. బాబాయి మొహం వెలిగిపోయింది. చేతిలో పెట్టుకుని కూడా చదవని మనిషి, చదవాలనుకున్నా చదవలేని మనిషి, భూమ్మీద తనకు తోడు ఇంకొకడు ఉన్నాడన్నమాట. ఆ కంపెనీవాడెవరో గానీ వాడికి కళ్లు మూసుకుని పిల్లనివ్వొచ్చు అన్నాడు.

మేనకోడలు ఇంకో మాట కూడా చెప్పింది. కాగితంలోకి మనం ఎవరిని పిలిస్తే వాళ్లకు మాత్రం అంతా కనిపిస్తుందని, మనం కొడుతుండగానే అక్షరం వెంట అక్షరం వాళ్ల ఫోన్లలో పడుతుందని, వాళ్లు కూడా అందులో రాయవచ్చని. సరిగ్గా అప్పుడే టీ వచ్చింది. బాబాయి గ్లాసు అందుకుంటూ ఊఁ కొట్టాడు. అసలు విననివాడితో తంటా లేదు, సగం విన్నవాడితోనే తంటా అంతా.

ఆ వారంలోనే టైలరు వచ్చాడు, చెల్లెల్నీ తమ్ముణ్నీ వెంటబెట్టుకుని. చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. తమ్ముడు సరుకుల వ్యాన్ నడుపుతాడు. ముగ్గురికీ తండ్రి ఒకడే సమస్య. పెద్దాయన బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయి ఇరవై ఏళ్లయింది గానీ బస్సు మాత్రం ఆయనలోంచి దిగలేదు. తెల్లవారుజామునే మొదటి ట్రిప్పు వేళకు లేచి ఇంటిల్లిపాదినీ లేపేస్తాడు. టైలరు కొట్లో నలుగురు నిలబడితే చాలు, ముందు ఖాళీగా ఉంది, లోపలికి జరగండి అని వాళ్లను కుట్టుమిషన్ మీదికి తోస్తాడు. భార్య పోయాక మూడిళ్ల మధ్య తిరుగుతున్నాడు. ఎవరింట్లో ఎన్నాళ్లన్న లెక్క తెగక, మాటా మాటా పెరిగి, ముగ్గురూ మొహాలు చూసుకోవడం తగ్గించారు. ఇక కాగితం మీద పెట్టుకుందాం అనుకున్నారు. ఏడాదికి మూడు వంతులు, తలా నాలుగు నెలలు, కింద అందరి సంతకాలు.

ముగ్గురి పని వేళలూ మూడు రకాలు, ఒకచోట కూడడం కుదరని పని. అందుకని మేనకోడలు ఆ కాగితాన్ని కొత్త క్లౌడ్‌లో తెరిచి ముగ్గురి ఫోన్లకూ లింకు పంపింది. సంతకం పెట్టాల్సినవాడు గనక పెద్దాయన ఫోనుకు కూడా పంపింది. అది టైలరు వాడి పారేసిన పాత ఫోను, అద్దం పగిలింది, దానితో ఆయన టైము చూసుకోవడం తప్ప ఇంకేం చేస్తాడులే అని ఎవరూ పట్టించుకోలేదు. బాబాయి ఉద్దేశంలో ఆ లింకులు ఖాళీ కంచాలు. కంచం పెట్టినంత మాత్రాన వడ్డించినట్టా? చివరి రోజు తాను గీత కింది ముక్క తీసేసి, ఇదిగో అని ఇచ్చినప్పుడు కదా వాళ్లకు కనిపించేది.

మర్నాడు టైలరు ఒంటరిగా వచ్చాడు. స్టూలు దగ్గరికి లాక్కుని, తలుపు వంక చూసి, గొంతు తగ్గించాడు. ఎవరికైనా నాలుగు నెలలే కదా, ఫిబ్రవరి ఉన్న నాలుగు నెలలూ తనకు పడేట్టు చూడమన్నాడు. ఫిబ్రవరి ఎందుకో బాబాయికి వెంటనే తట్టలేదు. తట్టాక నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. తండ్రిని రెండు రోజులు తక్కువ ఉంచుకోవడానికి క్యాలెండరు వెతికిన కొడుకును ఆయన నలభై ఏళ్లలో చూడలేదు. వృత్తి ధర్మం ప్రకారం గీత కొట్టి, దాని కింద టైలరు పేరు పెట్టి, ఫిబ్రవరి సంగతంతా రాసుకున్నాడు.

సాయంత్రం డ్యూటీ దిగి నర్సు వచ్చింది. రోజంతా రోగుల దగ్గర నిలబడి ఇంటికి వెళితే, నాకేం రోగం లేదనే రోగి ఇంకొకడు సిద్ధంగా ఉంటాడని, మాత్ర వేసుకోమంటే దాచేస్తాడని, తండ్రి ఇంట్లో ఉన్నన్నాళ్లూ తనకు కూర్చునే తీరిక ఉండదని, కన్నతండ్రి గురించి ఇలా అనుకుంటున్నందుకు తనమీద తనకే అసహ్యమని చెప్పి కళ్లు తుడుచుకుంది. ఆ మర్నాడు చిన్నవాడు వచ్చాడు. వ్యాన్‌లో పక్కన కూర్చోబెట్టుకుంటే నాన్న గేరు ఎప్పుడు మార్చాలో కూడా చెబుతాడు బాబాయ్ అని నవ్వుతూ మొదలుపెట్టి, ఒక్కసారి ఆయన నోటితో, నీ దగ్గరుంటానురా అంటే ఏడాదంతా ఉంచుకుంటానని, అనడని, ఎప్పటికీ అనడని ఆపేశాడు. అన్నీ గీత కిందికి వెళ్లాయి, పేర్లతో సహా.

మనకు తెలుసు ఏం జరుగుతోందో. టైలరు మోకాలి మీద గుడ్డ పెట్టుకుని ఫోనులో చెల్లెలి బాధ చదివాడు. నర్సు మందుల గదిలో నిలబడి ఫిబ్రవరి సంగతి చదివింది. చిన్నవాడు సిగ్నల్ దగ్గర ఇద్దరివీ చదివి, వెనకవాళ్లు హారన్లు కొట్టేదాకా కదల్లేదు. భూమ్మీద ఎవ్వరూ, కంపెనీవాడితో సహా, పోలీసులతో సహా, ఎవ్వరూ చదవలేని చోట పెట్టాడు బాబాయి ఆ మాటల్ని. ఎవరు చదవకూడదో వాళ్లు మాత్రమే చదవగలరు. ఇంతకన్నా పకడ్బందీగా ఎవరైనా రట్టు చేయగలరా?

ఇక వాళ్లు వచ్చి ఈయన్ని నాలుగు దులిపి ఉంటారని మీరు అనుకుంటారు. అదేం లేదు. వచ్చారు గానీ దులపడానికి కాదు. నాలుగో రోజు టైలరు వచ్చి స్టూలు లాక్కున్నాడు. ఎవరికీ చెప్పొద్దు బాబాయ్ అని ఎప్పటిలాగే మొదలుపెట్టి, చెల్లెలు ఆస్పత్రిలో అంత నలుగుతోందేమోనని తనకు అనుమానంగా ఉందని, ఆమె వంతులో ఒక నెల తనకు వేసినా కాదననని, అయితే ఆ మాట తాను అన్నట్టు తెలియకూడదని చెప్పాడు. బాబాయి అలా కొట్టాడు. మర్నాడు నర్సు వచ్చింది. అన్నయ్య ఆ నెల తీసుకుంటానంటే, అంటే ఒకవేళ అంటే, కొట్లో నాన్న కూర్చోవడానికి వేరే కుర్చీ ఒకటి తాను కొనిస్తానంది. బాబాయి వేళ్లు ఆగిపోయాయి. ఏమి రక్తసంబంధం రా నాయనా అనుకున్నాడు. ఒకరి మనసులో మాట ఒకరికి చెప్పకుండానే తెలిసిపోతోంది.

ఆ రక్తసంబంధం రోజురోజుకూ ముదిరింది. చిన్నవాడు వచ్చి, అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో తాను ట్రిప్పు ఒప్పుకుని వెళ్లిపోవడం తప్పేనని, అక్కకు ఆ కోపం ఇంకా ఉండి ఉంటుందని, ఎవరికీ చెప్పొద్దని చెప్పాడు. రెండు రోజులకు నర్సు వచ్చి, తమ్ముడి మీద తనకు కోపం ఎప్పుడో పోయిందని, ఊరికే, ఎందుకో చెప్పాలనిపించిందని చెప్పింది. ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చుని అనుకోలేని మాటలన్నీ ఆ ముగ్గురూ బాబాయి చెవిలో వేసి వెళుతున్నారు. చెప్పేటప్పుడు ఒకటికి రెండుసార్లు, రాశారా, పూర్తిగా రాశారా అని అడుగుతున్నారు. ఎప్పుడూ అడగని ప్రశ్న అది. అయినా బాబాయికి అనుమానం రాలేదు.

అనుమానం రావడానికి ఇంకా సందర్భాలున్నాయి. ఒక ఉదయం గీత పైన ఎప్పుడో కొట్టిన వాక్యంలో మూడు నెలలు అన్నది నాలుగు నెలలయి కూర్చుంది. ఇంకో రోజు ఆయన కళ్ల ముందే ఒక అక్షరం దానంతటదే వచ్చి చేరింది. బాబాయి కీబోర్డు తలకిందులు చేసి దులిపాడు. బిస్కెట్టు పొడి రాలింది. ఇదన్నమాట సంగతి అనుకుని తృప్తిగా మళ్లీ పని మొదలుపెట్టాడు.

తృప్తి వేళ్లకే గానీ మనసుకు లేదు. జీవితంలో మొదటిసారి ఆయనకు నోరు దురద పెట్టింది. అన్నకు చెల్లెలి మీద ప్రేముంది, చెల్లెలికి తమ్ముడి మీద కోపం లేదు, ముగ్గురూ మంచివాళ్లే, ఒక్క మాట అటూ ఇటూ చేరవేస్తే చాలు మూడు కుటుంబాలు బాగుపడతాయి. ఆ ఒక్క మాటా తన దగ్గర ఉంది. చెబితే నలభై ఏళ్ల పేరు గంగలో కలుస్తుంది. మింగలేక కక్కలేక అన్నం సరిగ్గా తినడం మానేశాడు. ఒంట్లో బాగాలేదా అని పిన్ని అడిగితే, వాళ్లంతా మంచివాళ్లే అన్నాడు. ఎవరు అంది. తల అడ్డంగా ఊపాడు. నలభై ఏళ్లలో ఆయన నోరు జారింది ఆ రెండు ముక్కలే. పిన్ని వాటిని పట్టుకుని వారం రోజులు ఆలోచించింది.

ఆదివారం సంతకాలు. శనివారం మేనకోడలు ప్రింటరు చూడటానికి వచ్చి, స్క్రీన్ మీదికి వంగి, పైన వరసగా ఉన్న నాలుగు రంగు చుక్కల్ని చూసి, వీళ్లు నలుగురూ లోపలే ఉన్నారే అంది. ఎక్కడ లోపల అని బాబాయి స్టూలు వంక, తలుపు వంక చూశాడు. ఆమె గీత కిందికి జరిపి నాలుగు వాక్యాలు చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మామయ్యా, ఇదంతా వాళ్లు చదువుతున్నారు. నువ్వు కొట్టిన మొదటి రోజు నుంచీ."

బాబాయి చెరిపెయ్ అన్నాడు. చెరిపినా చదివింది పోదు కదా అంది ఆమె మెల్లగా, ఎప్పుడూ లేనంత మెల్లగా. కంచే చేను మేసింది. ఊళ్లో ఒక్కరికి తెలిస్తే చాలు, టైపు బాబాయి దగ్గర చెప్పుకున్న మాట ఫోన్లలో తిరుగుతోందని, ఇక ఆ స్టూలు మీద కూర్చునేవాడు ఉండడు. కూర్చోకూడదు కూడా. తాళం పెట్టి, తాళంచెవి దొంగ చేతికే ఇచ్చి, దర్జాగా టీ తాగిన మనిషి దగ్గర ఎవరు కూర్చుంటారు? ఇంటికి వెళ్లి, ఏమైందని పిన్ని అడిగితే ఏడ్చాడు. ఆమె ఏమీ తెలుసుకోకుండానే పక్కన కూర్చుని వీపు రాసింది.

ఆదివారం నలుగురూ వచ్చారు. పెద్దాయన స్టూలు మీద, మిగిలిన ముగ్గురూ గోడకానుకుని. ముందు సంతకాలు కానివ్వండి అంటున్న టైలరును ఆపి బాబాయి లేచి నిలబడ్డాడు. నిలబడి మాట్లాడటం ఆయనకు కొత్త. మీరు నాకు చెప్పుకున్నవన్నీ ఒకరివి ఒకరికి తెలిసిపోయాయి, తప్పు నాది, యంత్రానిది కాదు, రేపటి నుంచి కొట్టు మూసేస్తున్నాను అని ఒక్క ఊపిరిలో చెప్పి, చేతులు జోడించాడు. టైలరు చెల్లెలి వంక చూశాడు. చెల్లెలు తమ్ముడి వంక చూసింది. చివరికి ఆమే చెప్పింది.

"మాకు మూడో రోజే తెలుసు బాబాయ్. చెబితే మీరు ఆపేస్తారని చెప్పలేదు."

ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటే రెండో మాటకే కొట్టుకుంటామని, మీకు చెబితే మాత్రం మధ్యలో ఎవరూ అడ్డం రారని, మొత్తం వినేదాకా ఆగక తప్పదని ఆమె వివరించింది. బాబాయి నోరు తెరుచుకుని విన్నాడు. అన్నం మానేసి తాను మోసిన రహస్యాలన్నీ ఆ ముగ్గురి మధ్యా టపాలా తిరిగాయి, తాను దాని తపాలా బంట్రోతు. సంతోషించాలో, వాళ్ల చెంపలు వాయించాలో ఆయనకు తేలలేదు. తేలేలోపు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఫిబ్రవరి నేను కూడా చదివాను" అన్నాడు.

గోడకానుకున్న ముగ్గురూ గోడలో కలిసిపోవడానికి ప్రయత్నించారు. పగిలిన అద్దం ఫోను జేబులోంచి తీసి పెద్దాయన బల్ల మీద పెట్టాడు. మాత్రలు దాచడం చదివాను, గేరు మార్చడం చదివాను, అన్నీ నిజాలే, ఎవరి మీదా నాకేం లేదు అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే కోపం లేదు. అది ఇంకా భరించలేనట్టుగా ఉంది. తరవాత ముగ్గుర్నీ కాసేపు బయట నిలబడమన్నాడు. తనకు కూడా గీత కింద రాయించుకోవాల్సింది ఉందన్నాడు.

వాళ్లు వెళ్లారు. బాబాయి కీబోర్డు ముందు కూర్చున్నాడు గానీ వేళ్లు పెట్టలేదు. అన్నయ్యా, వాళ్లంతా చదువుతారు అన్నాడు. చదువుతారనే కదా చెబుతున్నాను, కొట్టు అన్నాడు పెద్దాయన. తెరిచిన తలుపులోంచి సందు కనిపిస్తోంది. ఫుట్‌పాత్ మీద ముగ్గురూ వరసగా నిలబడి, ఫోన్లు చేతుల్లో పట్టుకుని, తలలు వంచి ఉన్నారు. బాబాయి మొదలుపెట్టాడు.

పెద్దాయన చెప్పింది ఎక్కువేం కాదు. నాకు మూడిళ్లున్నాయని అందరికీ గొప్పగా చెప్పుకుంటాను. మూడిళ్లలోనూ నా పెట్టె మంచం కింద ఉంటుంది. ఆరేళ్లయింది, ఎక్కడా విప్పలేదు. విప్పి సర్దుకునేలోపు వంతు అయిపోతుంది. నాకు నెలలు వద్దు. ఒక్క ఇంట్లో, అలమరలో ఒక్క అర ఇస్తే బట్టలు పెట్టుకుంటాను. పొద్దున్నే ఎవర్నీ లేపకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను. ఉండలేకపోతే తిట్టండి. ఏ ఇంట్లోనో మీరే తేల్చుకోండి. నేను చెబితే మిగిలిన ఇద్దరూ బాధపడతారు.

బయట నర్సు గోడ వైపు తిరిగింది. చిన్నవాడు ఫోను జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ చదివాడు. అప్పుడు పెద్దాయన స్టూలు ముందుకు జరిపి, బాబాయి చెవి దగ్గరికి వంగి, రెండే రెండు ముక్కలు అన్నాడు. ఎవరింట్లో ఉండాలని ఉందో అది. అని, వేలు ఎత్తి స్క్రీన్ చూపించి, "ఇది కొట్టకు తమ్ముడూ" అన్నాడు.

బాబాయి రెండు చేతులూ కీబోర్డు మీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో గీత కింద కూడా రాసుకోకుండా దాచుకున్న మాట ఇదే. మరిచిపోతానేమోనన్న భయం కూడా వేయలేదు. ఇంత జరిగాక కూడా ఈ మనిషి తన చెవిని నమ్మాడు. బాబాయి కళ్లు తుడుచుకోవడానికి కళ్లజోడు తీస్తుంటే, స్క్రీన్ మీద గీత కింద ఒక రంగు చుక్క కదిలింది. అలవాటు లేని వేళ్లతో ఎవరో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నారు. టైలరు. మా ఇంట్లో. కుట్టు గదిలో కిటికీ పక్క అలమర మొత్తం ఖాళీ చేస్తాను, ఒక అర కాదు. పొద్దున్న లేపితే లేస్తాను. ఫిబ్రవరి మాట మరిచిపో నాన్నా. దాని కింద నర్సు, ఆదివారాలు నేను వస్తాను అని రాసింది. చిన్నవాడు ట్రిప్పు లేని రోజున వ్యాన్‌లో తిప్పుతానని, గేరు సంగతి చెప్పుకోవచ్చని రాశాడు. పెద్దాయన పగిలిన అద్దంలో అంతా చదివి తల ఊపాడు. ఆ ఊపులో ఏముందో చూద్దామని బాబాయి ఎంత ప్రయత్నించినా ఏమీ దొరకలేదు. వంతుల కాగితం పక్కన పడేసి, రెండు వాక్యాల కొత్త కాగితం తీస్తే అందరూ సంతకాలు చేశారు.

కొట్టు మూయడం జరగలేదు. సోమవారం ఉదయం తలుపు తీసేసరికి టైలరు నిలబడి ఉన్నాడు. నాన్న పెట్టె విప్పాడని, చొక్కాలన్నీ తానే మడతపెట్టానని చెప్పి, కాసేపు బల్ల గోకి, నిన్న నాన్న మీ చెవిలో ఏమన్నాడు బాబాయ్ అని అడిగాడు. బాబాయి ప్రింటరులో కాగితం సర్దాడు. బుధవారం నర్సు వచ్చి అదే అడిగింది. చిన్నవాడు శుక్రవారం వచ్చాడు, అడగడానికి మొహమాటపడి, అడక్కుండా ఉండలేక, చివరికి వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి అడిగాడు. ఇంట్లో పిన్ని రోజుకొకసారి అడిగింది. ఎవరికీ బదులు లేదు. ఈ కథ చెబుతున్న నాకు కూడా లేదు, ఆయన్ని కదిపి చూడకపోలేదు.

ఆ ముగ్గురూ మాత్రం స్టూలు మీది నుంచి లేచేటప్పుడు ఆయన మొహం వంక ఒకసారి చూసేవాళ్లు. నాన్న అన్నది మా ఇల్లే అని ఎవరికి వాళ్లు అనుకుని వెళ్లిపోయేవాళ్లు. బాబాయి కాదనేవాడు కాదు.